కొత్త తారు వేసే ముందు పాత పొరల బలం కొలవాలి

సంపాదకుల వారికి,

కడప జిల్లాలో సిమెంటు, నాపరాళ్ల లారీలు తిరిగే ఎర్రగుంట్ల, జమ్మలమడుగు దారుల్లో తారు పగిలి, చక్రాల జాడలు కుంగినప్పుడల్లా పైన మరో పొర పరిచి పని ముగించడం సరికాదు. లోపం తారులో ఉందో, దాని కింది కంకరలో ఉందో, అడుగునున్న నల్లరేగడిలో ఉందో పైకి చూసి ఎవరూ చెప్పలేరు. రోడ్డును కోసి ముక్క తీస్తే పొర మందం తెలుస్తుంది గానీ, అది ఆ ఒక్కచోటి సంగతే.

రోడ్డును తవ్వకుండానే ఈ లోపం పట్టుకునే యంత్రం ఫాలింగ్ వెయిట్ డిఫ్లెక్టోమీటర్. 300 మిల్లీమీటర్ల వ్యాసం గల పళ్లెం మీద బరువును జారవిడిచి, వేగంగా పోయే లారీ చక్రం మోపేటంత భారాన్ని, అంటే సుమారు 40 కిలోన్యూటన్లను, రెప్పపాటు కాలం రోడ్డుపై పడేలా చేస్తారు. అప్పుడు ఉపరితలం ఎంత వంగిందో పళ్లెం నుంచి వేర్వేరు దూరాల్లో ఉంచిన జియోఫోన్లు, అంటే కదలికను పసిగట్టే సెన్సర్లు, నమోదు చేస్తాయి. దూరపు కొలతలు ప్రధానంగా అడుగు నేల సంగతి చెబుతాయి. పళ్లేనికి దగ్గరి కొలతల్లో పై పొరల ప్రభావం కూడా కలుస్తుంది. పొరల మందాలు తెలిస్తే, ఈ వంపు నుంచి ఒక్కో పొర బిగువును, ఇంజనీర్లు ఎలాస్టిక్ మాడ్యులస్ అనేదాన్ని, లెక్కకట్టవచ్చు. దేశంలో రోడ్ల ప్రమాణాలు రూపొందించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014లోనే ఇందుకు 115వ నంబరు మార్గదర్శకాలు ఇచ్చింది.

మన ఎండల దృష్ట్యా ఒక విషయం నొక్కి చెప్పాలి. తారు బిగువు వేడిని బట్టి మారుతుంది. అదే సంస్థ రోడ్ల రూపకల్పన ప్రమాణాల ప్రకారం, వీజీ-30 అనే రకం తారుతో వేసిన పొరకు 20 డిగ్రీల వద్ద 3500 మెగాపాస్కల్‌లుగా తీసుకునే మాడ్యులస్ 40 డిగ్రీల దగ్గర 1250కి పడిపోతుంది. కాబట్టి తెల్లవారుజామున కొలిచిన రోడ్డు గట్టిదిగా, మే నెల మధ్యాహ్నం కొలిచిన అదే రోడ్డు బలహీనంగా కనిపించవచ్చు. గాలి వేడి కాకుండా తారు పొర లోపలి ఉష్ణోగ్రతను రాసి, ఫలితాన్ని ప్రామాణికంగా తీసుకునే 35 డిగ్రీలకు సవరించకపోతే ఆ అంకెలకు విలువ ఉండదు. రేగడి నేల బలం మాత్రం వానల తర్వాతే తగ్గుతుంది గనుక, వర్షాకాలం ముగిసిన వెంటనే పరీక్షించడం మేలు.

కొత్త తారు పొర ఖర్చు అంచనాలు ఆమోదించే ముందే అధికారులు లారీల దారులన్నిటా ఈ పరీక్ష జరిపించాలని, పరీక్ష తేదీ, ఉష్ణోగ్రత, పొరల మందంతో సహా ఫలితాలను టెండరు పత్రాలకు జతపరచాలని కోరుతున్నాను. కింది కంకరో, నేలో బలహీనపడిందని తేలినచోట తారు పొరకు బదులు ఆ భాగాన్ని తవ్వి బాగుచేయాలి.

ఒక పాఠకుడు,
ప్రొద్దుటూరు