బాబుకు ఏం చెప్పాలని అడిగావు కదా

అమ్మడూ,

ప్రభువు నామంలో నీకు, అల్లుడు గారికి, బాబుకు నా ఆశీస్సులు.

నిన్న నువ్వు అడిగింది ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే ఈ ఉత్తరం. వచ్చే వారం అల్లుడు గారికి గుండె బైపాస్ ఆపరేషన్. బాబు అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి "నాన్న చనిపోతాడా?" అంటున్నాడు. వాడికి ధైర్యం చెబుదామంటే నాకే గుండె దడగా ఉంది, విశ్వాసినై ఉండి ఇంత భయపడటం ఏమిటి అన్నావు.

ముందు ఆ చివరి మాట సంగతి చూద్దాం. పరామర్శకు వచ్చిన వాళ్లలో ఒకరైనా "దేనినిగూర్చియు చింతపడకుడి" అని పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రికలోని (ఉత్తరంలోని) వాక్యం వల్లించి, కాఫీ తాగి వెళ్లి ఉంటారు. వాక్యం మంచిదే. కానీ అదే పత్రికలో, రెండో అధ్యాయం చివర పౌలు ఏం రాశాడో చదువు. తన తోటి పనివాడు ఎపఫ్రొదితు జబ్బుపడి చావుకు సిద్ధమయ్యాడట. దేవుడు అతన్నే కాక, "నాకు దుఃఖముమీద దుఃఖము కలుగకుండుటకై నన్నును కనికరించెను" అంటాడు. చింతపడవద్దని రాసిన మనిషే తన వాడి ప్రాణం కోసం అంతగా తల్లడిల్లాడు. ఆ వాక్యం వల్లించి వెళ్లిన వాళ్లకంటే పౌలే నీకు దగ్గరి చుట్టం.

బైబిలులో "భయపడకుము" అన్న మాట రోజుకొకటి చొప్పున 365 సార్లు ఉందని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. ఓపికగా లెక్కపెడితే అన్ని రావు. రాకపోయినా నష్టమేమీ లేదు. ఆ మాట దేవుడు ఎవరితో అన్నాడో చూసుకుంటే చాలు, అందరూ అప్పటికే వణికిపోతున్న వాళ్లే.

బాబుకు దావీదు కథ చెప్పు. రాక్షసుడిలాంటి గొల్యాతును చంపిన కథ వాడికి వచ్చు, దాని తరువాతిది చెప్పు, మొదటి సమూయేలు 21వ అధ్యాయం. సౌలు రాజు చంపుతాడని పారిపోతూ దావీదు గాతుకు వెళ్లాడు. గాతు ఎవరి ఊరు? గొల్యాతుదే! పైగా చేతిలో ఉన్నది ఆ గొల్యాతు కత్తే. వెళ్లీ వెళ్లగానే గాతు రాజు సేవకులు పోల్చుకున్నారు. దావీదు హడలిపోయి పిచ్చివాడిలా నటించాడు. తలుపుల మీద గీతలు గీశాడు, గడ్డం మీదికి ఉమ్మి కార్చుకున్నాడు. ఇది చెబితే బాబు తప్పకుండా నవ్వుతాడు, నవ్వనీ.

ఇక నీ కోసం 56వ కీర్తన తియ్యి. గాతులో ఫిలిష్తీయులు, అంటే గొల్యాతు జనం, దావీదును పట్టుకున్నప్పటిదని దాని పైనే రాసి ఉంటుంది. మూడో వచనం: "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." నాలుగో వచనంలో "నేను భయపడను" అంటాడు. ఎనిమిదికి వచ్చేసరికి కన్నీళ్లు, వాటిని దేవుడు బుడ్డిలో ఉంచుతున్నాడంటాడు. పదకొండులో మళ్లీ "నేను భయపడను". ఒకసారి అనుకుంటే పోయే భయమైతే రెండోసారి ఎందుకు అనుకోవలసి వచ్చింది? నువ్వు రాత్రికి పదిసార్లు అనుకోవలసి వచ్చినా సిగ్గుపడకు.

మీ తాతయ్య సంగతి ఒకటి చెప్పాలి. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. నాకు అప్పుడు ఎనిమిదేళ్లు. మన ఊరు సముద్రానికి ఎడంగా ఉండబట్టి ఉప్పెన నీళ్లు మా గడప దాకా రాలేదు, గాలి మాత్రం ఇంటి పెంకులు ఒక్కొక్కటే లేపుకుపోయింది. మమ్మల్ని గాదె పక్కన మూలకు చేర్చి, లాంతరు దగ్గరగా పెట్టుకుని నాన్న 46వ కీర్తన చదవడం మొదలుపెట్టాడు. "వాటి జలములు ఘోషించుచు నురుగు కట్టినను" అన్న చోట తలుపు గడియ ఊడింది. నాన్న ఆ వచనం మీద నా వేలు పెట్టించి లేచాడు. రోలు దొర్లించుకువచ్చి తలుపుకు అడ్డం పెట్టి, దాని మీద వడ్ల బస్తాలు వేసి, మళ్లీ వచ్చి నా వేలు ఉన్న చోటు నుంచే అందుకున్నాడు. చదువుతున్నంతసేపూ ఆయన చేతిలో పుస్తకం వణుకుతూనే ఉంది. ఆ వణుకు చూసి నా నమ్మకం ఏమీ తగ్గలేదు. వణుకుతూ కూడా చదవవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

తెల్లవారాక సముద్రం వైపు ఊళ్ల వార్తలు వచ్చాయి. సొర్లగొంది లాంటి తీర గ్రామాల మీదికి ఉప్పెన ఐదారు మీటర్ల ఎత్తున వచ్చింది. మొత్తం చనిపోయిన వాళ్లు 10,000కు తక్కువ ఉండరంటారు. మీ తాతయ్య మిగతా మగవాళ్లతో కలిసి శవాలు పూడ్చడానికి వెళ్లాడు. ఇంటికి వచ్చాక మాట్లాడేవాడు కాదు. ఆ క్రిస్మస్‌కు గుడిలో ఒకాయన లేచి, "మేము ప్రార్థించాం గనుక బతికాం" అని సాక్ష్యం చెప్పబోయాడు. నాన్న కూర్చున్న చోటు నుంచే అన్నాడు: "వాళ్లూ ప్రార్థించారయ్యా. బతికినందుకు స్తోత్రం చెప్పు, కారణం చెప్పకు."

అందుకే బాబుతో "నాన్నకు ఏమీ కాదు, యేసయ్య మాట ఇచ్చాడు" అని మాత్రం అనకు. ఆయన ఆ మాట ఇవ్వలేదు. రాజు ప్రతిమకు మొక్కనందుకు అగ్నిగుండం ముందు నిలబెట్టిన షద్రకు, మేషాకు, అబేద్నెగోలు "మా దేవుడు రక్షించగలడు" అన్న నోటితోనే "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అని కూడా అన్నారు. ఏమైనా ఆయన నాన్నను వదలడు, మనల్నీ వదలడు అని చెప్పు. అది నిజంగా ఇచ్చిన మాట.

మిగతాది ఉన్నది ఉన్నట్టు చెప్పు. డాక్టర్లు కాలి నుంచి తీసిన రక్తనాళంతో గుండెకు కొత్త దారి వేస్తారని, చాలామంది ఈ ఆపరేషన్ తరువాత బాగై ఇంటికి వస్తారని, ఛాతీ ఎముక అతుక్కునేదాకా కొన్ని వారాల పాటు నాన్న ఎత్తుకోలేడని. "అమ్మకూ భయంగానే ఉంది, ఇద్దరం కలిసి దేవుడికి చెబుదాం" అను. వాడి ప్రార్థన వాడినే చేసుకోనీ. "నాన్నను చంపకు" అన్నా దిద్దకు, కీర్తనల్లో అంతకంటే ఘాటైన మాటలున్నాయి. కుటుంబ ప్రార్థన పొడిగించకండి, నిద్ర ఆపుకుని కూర్చున్న పిల్లవాడికి పది నిమిషాలు చాలు.

ఆపరేషన్ చేయించుకోవడం విశ్వాసం తక్కువై అని ఎవరైనా అంటే మన తీరంలోని తుఫాను షెల్టర్లు గుర్తుచెయ్యి. ఆ ఉప్పెన తరువాతే అవి వచ్చాయి. హెచ్చరిక రాగానే సంఘస్థులు ప్రార్థన చేసుకుని అందులోకి వెళ్తారు, వెళ్లిన వాళ్లను ఎవరూ అవిశ్వాసులనరు. పాస్టరుగారిని పిలిచి నూనె రాయించి ప్రార్థన చేయించుకోండి, యాకోబు పత్రికలో ఉన్నదే. మాత్రలు ఏవి ఆపాలో, ఎప్పుడు ఆపాలో మాత్రం డాక్టరు చెప్పినట్టే చేయండి.

నువ్వు తిండి మానకు. చావు కోరుకుని చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ప్రసంగం చేయలేదు, వేడి అప్పం, కూజాతో నీళ్లు పెట్టి లేపి తినమన్నాడు, మళ్లీ పడుకోనిచ్చాడు.

ఆదివారం ఆరాధన కాగానే రాత్రి బస్సు ఎక్కుతాను. ఆపరేషన్ రోజు నువ్వు ఆసుపత్రిలో ఉండు, బాబు దగ్గర నేనుంటాను. వాడి టీచరుకు సంగతి ముందే చెప్పి ఉంచు. అల్లుడు గారి బ్లడ్ గ్రూపు ఏమిటో రేపు ఫోను చేసి చెప్పు, మీ ఊళ్లో ఉద్యోగాలు చేస్తున్న మన సంఘం కుర్రాళ్లు రక్తం ఇవ్వడానికి వస్తామంటున్నారు.

ప్రార్థనలతో,
అమ్మ