మూసీ అంటే 55 కిలోమీటర్లేనా?

సంపాదకుల వారికి,

నమస్కారం. రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలో అనంతగిరి కొండల మీద వచ్చిన వ్యాసం చదివిన రోజే ఈ ఉత్తరం రాయబోయాను. కోపంలో రాసింది మర్నాడు చదువుకుంటే సిగ్గేస్తుందని మా ఆవిడ ఆపింది. పన్నెండు రోజులు ఆగాను. కోపం తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను.

వ్యాసం బాగానే ఉంది. మంచు, చెట్లు, పద్మనాభస్వామి గుడి, భోజనం ఎక్కడ దొరుకుతుందో ఆ వివరాలూ ఉన్నాయి. ‘మూసీ పుట్టినిల్లు’ అని ఒక ఫొటో వేసి, దాని కింద ‘ఇక్కడ పుట్టిన నీరు నేరుగా గండిపేట చేరుతుంది’ అని రాశారు. గండిపేట అంటే నగరానికి ఎగువన మూసీ మీద కట్టిన జలాశయం. ఆ ‘నేరుగా’ దగ్గరే నాకు చిర్రెత్తింది. మీ విలేకరి ఆ దారిన ఒక్క పూట నడిచి ఉంటే ఆ మాట రాయడానికి చెయ్యి ఆడేది కాదు. అదే రోజు మొదటి పేజీలో నగరంలోని మూసీ ఒడ్డుకు రాబోయే సోకుల ఊహాచిత్రం వేశారు: నడకదారులు, దీపాల వరసలు, తెల్లటి పడవలు, నల్లా నీళ్లంత తేటగా నది. పుట్టిన చోట నది విహారానికి పనికొచ్చింది, నగరంలో అలంకారానికి పనికొచ్చింది. ఆ రెంటి మధ్య నది ఏమైందో మాత్రం ఏ పేజీలోనూ లేదు.

నిరుడు వానలు వెనకపట్టాక మేము నలుగురం, ముగ్గురు పింఛనుదారులు, ఒక కుర్రాడు, హిమాయత్‌సాగర్ జలాశయానికి ఎగువన, మూసీకి ఉపనది అయిన ఈసీలో కలిసే వాగుల వెంట ప్రతి ఆదివారం నడిచాము. ఉద్యమం ఏమీ కాదు. డాక్టరు నడవమన్నారు, పార్కులో గానుగెద్దులా తిరగడం నాకు విసుగు. చేతిలో పాత గ్రామ నక్షా జిరాక్సు ఉండేది. నక్షాలో వాగును జంట గీతలతో చూపిస్తారు. ఒకచోట ఆ గీతల వెంబడి పోతే పది అడుగుల ప్రహరీ అడ్డం వచ్చింది. గోడ అడుగున రెండడుగుల సిమెంటు గొట్టం ఉంది. మిగిలిన వాగల్లా అదే. గొట్టం మూతికి ఇనుప జాలి, ఆ జాలికి ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి పీచు, ఎవరిదో ఎడమకాలి చెప్పు బిర్రుగా బిగుసుకుని ఉన్నాయి. గోడకు ఇవతల ఉన్న తుమ్మచెట్లకు నా నడుమెత్తున ఎండిన చెత్త చుట్టుకుని ఉంది. వానాకాలంలో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో ఆ చెత్తే చెబుతోంది. అవతల పచ్చిక, ఈతకొలను. కాపలా మనిషి మర్యాదస్తుడే. ‘ఇక్కడ వాగేమీ లేదు సార్, వాన పడితే నీళ్లు వస్తాయి, అంతే’ అన్నాడు. వాగంటే అదే కదా నాయనా అంటే నవ్వేశాడు.

ఆ నక్షా, ఫొటోలు పట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్లాను. అది పట్టా భూమి, మాకు సంబంధం లేదన్నారు. రెండో కార్యాలయంలో చెరువైతే చూస్తాము గాని వాగు మా పరిధిలోకి రాదన్నారు. మూడో చోట అర్జీ తీసుకుని ముద్ర వేసి ఇచ్చారు. ముద్ర చక్కగా పడింది, దాచుకున్నాను. నాలుగు నెలల తరువాత వెళితే, ఆ అర్జీని మొదటి కార్యాలయానికి పంపించామని చెప్పారు. ఈ రాష్ట్రంలో అడ్డంకి లేకుండా ప్రవహిస్తున్నది ఫైలు ఒక్కటే అనిపించింది.

మా చిన్నతనంలో పట్వారీని అడిగితే ఏ వాగు ఏ పొలం దగ్గర గట్టు దాటుతుందో చూడకుండానే చెప్పేవాడు. పట్వారీలు తక్కువ తిన్నారని అనడం లేదు. తిన్నా, వాగు ఎక్కడుందో వాళ్లకు తెలుసు. ఇప్పుడు ఉపగ్రహ చిత్రాలున్నాయి, డ్రోన్లున్నాయి, ఆన్‌లైన్‌లో భూమి రికార్డులున్నాయి, వాగు మాత్రం కనిపించదు.

1908 సెప్టెంబరు 28 నాటి వరద గురించి మీ పాఠకులకు చెప్పాల్సిన పని లేదు. ఏటా ఆ రోజున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నూటయాభై మందిని కాపాడిన చింతచెట్టును తలుచుకుంటాము, ఉపన్యాసాలు విని ఇళ్లకు పోతాము. ఆ వరద తరువాత నిజాం ప్రభుత్వం పిలిపిస్తే వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ముందుగా ఏం చూశారో ఎవరూ తలుచుకోరు. ఆయన నగరంలోని ఒడ్డు ఒక్కటే చూసి ఊరుకోలేదు, ఎగువన పరీవాహక ప్రాంతంలో చెరువులు లెక్కపెట్టించారు. దాదాపు చదరపు మైలుకొకటి చొప్పున 788 చెరువులున్నాయని, ఆ వానకు 221 తెగాయని తేల్చారు. ఒక చెరువు తెగితే ఆ నీళ్లు కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. వేలమంది ప్రాణాలు అలా పోయాయి. అందుకే వరదను నగరానికి పైనే పట్టి ఆపాలని ఆయన సూచించారు. 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. తాగునీళ్లు ఇచ్చాయి, సంతోషమే. కానీ కట్టాలన్న ఆలోచన పుట్టింది వరద భయంతో.

ఇది గుర్తుంటే 2022 ఏప్రిల్‌లో వచ్చిన 69 జీవో చదివి ఎవరికైనా ఒళ్లు మండాలి. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రాకుండా 1996లో తెచ్చిన 111 జీవో ఆంక్షలను దానితో ఎత్తేశారు. నగరం తాగే నీటిలో ఈ రెండింటి వాటా 1.25 శాతం కన్నా తక్కువ కాబట్టి ఇక ఆంక్షలు అక్కర్లేదట! తాళం వాడటం మానేశాము కాబట్టి తలుపు కూడా తీసేద్దామన్నట్టుంది. జలాశయాల నీటి నాణ్యత చెడకూడదని అందులోనే ఒక షరతు కూడా పెట్టారు. నీళ్లకు చదువు వచ్చని అనుకున్నారేమో. ఆ 84 గ్రామాల రైతుల బాధ నాకు తెలియనిది కాదు. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ పొలం మాత్రం నగరం కోసం అలాగే ఉండాలంటే ఎవరికైనా మండుతుంది. నగరం నుంచి వసూలు చేసి వాళ్లకు ఏటా ఇంత అని ఇవ్వవచ్చు. ఆ పని జరగలేదు. ఆంక్షలున్న రోజుల్లోనే గోడలు కట్టుకున్న పెద్దమనుషుల్లో చాలామందిని మాత్రం ఎవరూ కదిలించలేదు.

దిగువ సంగతి ఎత్తితే ఇంకో ఉత్తరం అవుతుంది. అనంతగిరి నుంచి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా మూసీ దాదాపు 240 కిలోమీటర్లు. సుందరీకరణ పేరుతో అందరూ మాట్లాడేది నగరం మీదుగా పోయే 55 కిలోమీటర్ల గురించి. మనం వదిలిన మురుగుతో భువనగిరి, నల్లగొండ వైపు వరి పండిస్తున్నారు, గడ్డి పెంచి పశువులకు వేస్తున్నారు. ఆ పాలు మళ్లీ మనమే తాగుతున్నాము. మా ఇంటి మురుగు కూడా అందులోకే పోతుంది, ఒప్పుకుంటాను. శుద్ధి కేంద్రాలు కడుతున్నారు, మంచిదే. అయితే ఎగువ నుంచి వాగు నీళ్లు రాకపోతే శుద్ధి చేసిన మురుగే నది అవుతుంది. దాని ఒడ్డున ఎన్ని దీపాలు పెడితే మాత్రం ఏమిటి?

మీ పత్రికను నలభై ఏళ్లుగా చదువుతున్నాను. ఒకప్పుడు మీ విలేకరులు చెరువు గట్ల మీద నిలబడి రాసేవారు. ఇప్పుడు ప్రకటనలో ఏముంటే అదే వార్త. మీ విలేకరిని ఒక ఆదివారం ఉదయం ఆరున్నరకు ఈసీ మూసీలో కలిసే బాపూఘాట్ దగ్గరకు పంపండి. అక్కడి నుంచి ఆ గొట్టం దాకా నేనే తీసుకెళ్తాను. పాత చెప్పులు వేసుకుని రమ్మనండి. గోడ అవతల కుక్క ఉంది, అరుస్తుంది గాని ఇటు రాలేదు. జాలికి చిక్కిన ఆ ఎడమకాలి చెప్పు అక్కడే ఉంటుంది, ఆ గొట్టంలోంచి కొట్టుకుపోవడానికి దానికి సందు లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
లంగర్‌హౌజ్, హైదరాబాద్