వార్షిక నివేదిక: గొప్ప డ్రమ్మర్ ఎవరన్న చర్చకు ఒక ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన శ్రోతల సంఘం సమయంలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్నకు ఖర్చయింది. రాక్, మెటల్ సంగీతంలో అందరికంటే గొప్ప డ్రమ్మర్ ఎవరు? నెలవారీ సమావేశాలు, కొత్త సభ్యుల చేరిక, సౌండ్ సిస్టమ్ మరమ్మతు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి నివేదికలో ఉన్నాయి కాబట్టి ఇక్కడ చర్చ సంగతే రాస్తున్నాను.

మొదట్లో చర్చ ముందుకు కదల్లేదు. ఒకరు లెడ్ జెప్పెలిన్ బృందపు జాన్ బోనమ్ అంటే ఒకరు రష్ బృందపు నీల్ పియర్ట్ అనేవారు, వెనక నుంచి స్లేయర్ బృందపు డేవ్ లొంబార్డో పేరు వినిపించేది. గొంతులు పెరిగేవి కానీ ఎవరి అభిప్రాయమూ మారేది కాదు. అప్పుడు కార్యవర్గం ఒక నియమం పెట్టింది. పేరు చెప్పినవారు ఒక పాట వినిపించాలి, డ్రమ్స్ వల్ల ఆ పాటకు ఏం జరిగిందో చెప్పాలి. అమ్ముడైన ఆల్బమ్‌లు, అవార్డులు, నిమిషానికి ఎన్ని దెబ్బలు అనే లెక్కలు వాదనగా చెల్లవు. నా దృష్టిలో ఈ ఏడాది మనం చేసిన మంచి పని ఇదే.

బోనమ్ పక్షం వారు 1971 నాటి ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ వినిపించారు. హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మెట్ల పక్కన హాల్లో డ్రమ్ సెట్ పెట్టి, పై అంతస్తు నుంచి మైకులు వేలాడదీసి రికార్డు చేశారు. ఆ గది మోత కూడా వాద్యంలో భాగమైపోయింది. తర్వాత 1969 నాటి ‘గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్’ పెట్టారు. రెండు బేస్ డ్రమ్‌లు మోగుతున్నాయేమో అనిపించే ఆ దరువు ఒకే పెడల్ మీద ఒకే కాలితో వాయించింది. డ్రమ్స్ వాయించే మన సభ్యులు దాన్ని నెమ్మదిగా చేసి చూపించారు. వేగం తగ్గించినా సులువు కాలేదు, కష్టమంతా దెబ్బల మధ్య ఎడంలోనే ఉంది. 1980 సెప్టెంబరులో బోనమ్ చనిపోయాక, డిసెంబరులో మిగతా ముగ్గురూ లెడ్ జెప్పెలిన్‌ను ఆపేశారు.

నాకు బాగా నచ్చిన సాయంత్రం మాత్రం పియర్ట్‌ది. రష్ బృందం 1981లో విడుదల చేసిన ‘వై వై జెడ్’ టొరంటో విమానాశ్రయం కోడ్‌ను మోర్స్ సంకేతాల్లో మోగిస్తూ మొదలవుతుంది. మోర్స్‌లో ప్రతి అక్షరమూ పొడుగు, పొట్టి మోతల వరస. ఛందస్సు తెలిసిన సభ్యులొకరు పొడుగు మోతను గురువుగా, పొట్టి మోతను లఘువుగా దాన్ని బోర్డు మీద రాశారు. వై అంటే గురువు, లఘువు, గురువు, గురువు: 7 మాత్రలు. ఇంకో వైకి ఇంకో 7. జెడ్ అంటే రెండు గురువులు, రెండు లఘువులు: 6 మాత్రలు. మొత్తం 20. నాలుగేసి మాత్రల చొప్పున విడదీస్తే సరిగ్గా 5 దెబ్బలు. అంతవరకూ ‘ఏదో వంకర తాళం’ అనుకున్నవాళ్లు రెండోసారి పెట్టగానే చేత్తో తాళం వేయడం మొదలుపెట్టారు. ప్రపంచమంతా పేరొచ్చాక, 1990లలో పియర్ట్ మళ్లీ ఫ్రెడీ గ్రూబర్ అనే గురువు దగ్గర చేరి తన వాయింపును దిద్దుకున్నాడు. ఆ ఒక్క విషయానికే ఆయనకు నమస్కారం పెట్టాలనిపించింది.

మెటల్ వంతు వచ్చేసరికి వేడి పెరిగింది. మోటర్‌హెడ్ ‘ఓవర్‌కిల్’లో 1979లో ఫిల్ టేలర్ రెండు కాళ్లతో బేస్ డ్రమ్‌లు వాయిస్తూ పాటను మొదలుపెట్టిన తీరు, 1986లో స్లేయర్ ‘రెయిన్ ఇన్ బ్లడ్’లో లొంబార్డో దాన్ని ఎక్కడికి తీసుకెళ్లాడో వరసగా విన్నాం. అరగంట కూడా లేని ఆల్బమ్ అది. ‘ఏంజెల్ ఆఫ్ డెత్’లో గిటార్లు ఆగి రెండు కాళ్ల బేస్ డ్రమ్ మోత ఒక్కటే మిగిలే క్షణంలో గదిలో ఎవరూ మాట్లాడలేదు. 2008లో మెషుగా బృందం పాట ‘బ్లీడ్’లో టోమస్ హాకే వాయించింది వేగం కంటే ఓర్పుకు పరీక్ష అన్నది నా అభిప్రాయం.

ట్రిగ్గర్ల మీద, అంటే డ్రమ్‌కు తగిలించి దెబ్బ పడగానే ముందే దాచిన శబ్దాన్ని మోగించే పరికరాల మీద, గొడవ ఎక్కువసేపే సాగింది. ట్రిగ్గర్ వాడితే మోసమని కొందరి పట్టు. ట్రిగ్గర్ ప్రతి దెబ్బకీ ఒకే రకం శబ్దాన్ని ఇస్తుందే తప్ప, తప్పిన కాలాన్ని సరిచేయదు. కాలాన్ని సరిచేసేది రికార్డింగ్ తర్వాత జరిగే ఎడిటింగ్. ఈ రెండింటినీ కలిపి తిట్టడం న్యాయం కాదని కార్యవర్గం తరఫున మళ్లీ చెబుతున్నాను.

డెఫ్ లెపర్డ్ బృందపు రిక్ అలెన్ గురించి కూడా చెప్పుకున్నాం. 1984 చివరి రోజున కారు ప్రమాదంలో ఎడమ చేయి పోయినా, ఆ చేయి చేసే పనిని ఎడమ కాలికి నేర్పి 1987లో ‘హిస్టీరియా’ ఆల్బమ్‌లో వాయించాడు. ఏసీ డీసీ బృందపు ఫిల్ రడ్ పేరు తెచ్చిన సభ్యురాలికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. అక్కర్లేని దెబ్బ ఒక్కటీ వేయకపోవడం ఎంత కష్టమో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ పెట్టి ఆవిడ చూపించారు.

చివర్లో ఓటింగ్ జరిగింది. రాక్‌లో బోనమ్, మెటల్‌లో లొంబార్డో, రెండూ కలిపితే బోనమ్. పియర్ట్ దగ్గర్లోనే నిలిచాడు. నా ఓటు బోనమ్‌కే వేశాను. కొంచెం వెనక్కి వాలినట్టుండే ఆ కాలం మీద లెడ్ జెప్పెలిన్‌లోని మిగతా ముగ్గురూ ఎంత స్వేచ్ఛగా వాయించారో విన్నాక ఇంకొకరికి వేయలేకపోయాను. ముందు పుట్టినవాళ్లకే ఇలాంటి ఓటులో లాభమని మెటల్ సభ్యులు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చారు. అందులో నిజముంది కాబట్టి దాన్ని మినిట్స్‌లో చేర్చాం.

వచ్చే ఏడాది చర్చను 2000 తర్వాతి రికార్డింగులకే పరిమితం చేయాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. గోజిరా బృందపు మారియో డుప్లాంటియేకి ఒక పూర్తి సమావేశం ఇస్తాం. ఈ ఏడాది మహిళా డ్రమ్మర్లలో వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బృందపు మో టక్కర్ ఒక్కరి పేరే వచ్చింది, అది సరిపోదు. రష్ తన 2026 పర్యటనకు పియర్ట్ స్థానంలో ఆనికా నిల్లెస్‌ను తీసుకుంది కాబట్టి ఆమె వాయింపుతోనే మొదటి సమావేశం పెడదాం. పేర్లు ప్రతిపాదించేవారు పాట పేరు, అందులో ఏ భాగం వినాలో కూడా రాసి ఇవ్వండి. నివేదికను ఆమోదించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి