చిత్తూరు షాపులో ఇక ఏం దొరుకుతుంది, ఏం దొరకదు

మన తుపాకుల షాపుకు వచ్చే రైతులకు, లైసెన్స్‌దారులకు, షూటింగ్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం. ఈ నెల నుంచి రివాల్వర్లు, పిస్టళ్లు స్టాకులో పెట్టడం మానేస్తున్నాను. ఆ డబ్బును పన్నెండు బోరు (సింగిల్, డబుల్ బ్యారెల్ తుపాకుల) తూటాల మీద, పాత తుపాకుల రిపేరు సామాను మీద, ఎయిర్ రైఫిళ్ల మీద పెడుతున్నాను. ఎందుకని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

మన దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పంట కాపలాకు లైసెన్స్ తీసుకున్న రైతులే. ఐరాల, బంగారుపాళ్యం, పలమనేరు, పుంగనూరు వైపు వేరుశనగ, చెరకు వేసేవాళ్లు. వాళ్ల ఇళ్లలో ఉండేది తాత కొన్న సింగిల్ బ్యారెలో, డబుల్ బ్యారెలో. బాగా చూసుకుంటే ఆ తుపాకీ ఇంకో తరానికి కూడా పనికొస్తుంది. వాళ్లకు కావలసింది కొత్త తుపాకీ కాదు. ఫైరింగ్ పిన్, స్ప్రింగ్, నూనె, ఆ తుపాకీకి సరిపడే తూటా. అవి అడిగినప్పుడు లేవని పంపించి, అద్దాల వెనక రివాల్వర్ పెట్టుకుని కూర్చోవడం నాకు నచ్చలేదు.

రివాల్వర్ కొనేవాళ్లు మన ఊళ్లో తక్కువ. లైసెన్స్ చేతికి రావడానికే నెలలు పడుతుంది. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి రివాల్వర్లు, పిస్టళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగింది. కావాలన్నవాళ్లు లైసెన్స్ చూపించి అడ్వాన్స్ ఇస్తే కాన్పూర్ నుంచి తెప్పిస్తాను. .315 రైఫిల్ కూడా అంతే, ఆర్డర్ మీదే. రైఫిల్ గుండు గురి తప్పితే కిలోమీటరు దాటి పోతుంది. చేనుకు చేనుకు మధ్య ఇళ్లుండే మన పల్లెల్లో పంట కాపలాకు అది వద్దనే నేను చెబుతాను.

ఇక తూటాల సంగతి. నా డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. ఖడ్కీ ఫ్యాక్టరీ శక్తిమాన్ తూటాల్లో ఎల్‌జీ, ఎస్‌జీ, బీబీ, నాలుగో నంబరు (లోపలి గుళ్ల సైజును బట్టి పేర్లు) ఎప్పుడూ ఉండేలా చూస్తాను. అన్నిటికంటే ముఖ్యం 65 మిల్లీమీటర్ల తూటాలు. పాత ఇంగ్లీషు తుపాకుల్లో చాలావాటి చాంబర్, అంటే తూటా కూర్చునే గది, ఆ పొడవుకే కోసి ఉంటుంది. 70 మిల్లీమీటర్ల తూటా కూడా అందులోకి దూరుతుంది. అందుకే సరిపోయిందనుకుంటారు. కానీ పేలినప్పుడు తూటా మూతి విచ్చుకోవాలి. చాంబర్ పొట్టిదైతే దానికి చోటుండదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. వందేళ్ల నాటి బ్యారెల్ ఆ ఒత్తిడికి తట్టుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, తుపాకీ పట్టుకున్న చెయ్యి మాత్రం మీదే. 65 తూటాలు తక్కువగా అమ్ముడుపోతాయని తెలిసినా తెప్పిస్తున్నాను. మీ తుపాకీ ఏ పొడవుదో తెలియకపోతే ఒకసారి షాపుకు తీసుకురండి, గేజ్ పెట్టి చూసి చెబుతాను. దానికి డబ్బులు తీసుకోను.

పాత తుపాకులు కూడా కొన్ని అమ్మకానికి ఉన్నాయి. 2019 చివర్లో ఆయుధాల చట్టం మార్చి, ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు తగ్గించారు. అప్పటినుంచి మూడోది వదులుకున్నవాళ్ల మంచి డబుల్ బ్యారెళ్లు బయటికొచ్చాయి. బ్యారెల్ లోపల తుప్పు, సొట్ట లేనివే తీసుకుంటున్నాను. నన్నడిగితే కొత్త తుపాకీ కంటే ముందు వాటినే చూడండి.

ఇంకో మాట. నాన్నకు 70 ఏళ్లు నిండితే, లేదా తుపాకీ ఆయన చేతిలో 25 ఏళ్లుగా ఉంటే, వారసుడు తన పేరుమీద లైసెన్స్ కోసం అర్జీ పెట్టుకోవచ్చు. 2016 ఆయుధాల రూల్స్‌లోనే ఉంది. ఆయన ఉండగానే ఈ పని మొదలుపెట్టండి. పోయాక తుపాకీ స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి, కాగితాల కోసం తిరిగే కుటుంబాలను చూస్తే బాధేస్తుంది.

అడవి పందుల గురించి. రాత్రికి రాత్రి చెనక్కాయ చేనంతా తవ్విపోతే ఆ కడుపుమంట ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం. పంట పాడుచేసే జంతువునైనా అటవీ శాఖ నుంచి రాతపూర్వకంగా అనుమతి వస్తేనే కొట్టాలి. పంట కాపలా లైసెన్స్ ఆ అనుమతి కాదు. కాబట్టి పందికి ఏ తూటా మంచిదని అడిగితే ముందు ఆ కాగితం అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. కౌండిన్య అడవి నుంచి ఏనుగులు దిగే ఊళ్లవాళ్లకైతే తుపాకీ అస్సలు వద్దు. గుళ్లు తగిలిన ఏనుగు తిరగబడితే ఊరే ప్రమాదంలో పడుతుంది. ఫారెస్టువాళ్లకు ఫోన్ చెయ్యండి. లైసెన్స్ లేని నాటు తుపాకీ రిపేరుకు తెస్తే గడప దాటనివ్వను, తెలిసినవాళ్లయినా సరే.

ఎయిర్ రైఫిళ్లు నాకు కొత్త సరుకు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ షూటింగ్‌లో రెండు పతకాలు తెచ్చినప్పటి నుంచి పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు పెరిగారు. 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న .177 బోరు ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు, గుర్తింపు కార్డు, అడ్రస్ ప్రూఫ్ ఉంటే చాలు. పెల్లెట్లు, పేపర్ టార్గెట్లు కూడా పెడుతున్నాను. గువ్వల్ని, కౌజుల్ని కొట్టేదానికి అని ఎవరైనా అడిగితే అమ్మను. అది కూడా వేటే.

ఎన్నికలప్పుడు తుపాకుల డిపాజిట్ ఎప్పటిలాగే తీసుకుంటాం. చోటు తక్కువ కాబట్టి నోటిఫికేషన్ రాగానే వచ్చేయండి, ఆఖరి రోజు టెన్షన్ పడొద్దు. తూటాలకు వచ్చేటప్పుడు లైసెన్స్ ఒరిజినల్ తీసుకురండి. జిరాక్స్ మీద, ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు (యూఐఎన్) లేని లైసెన్స్ మీద ఒక్క తూటా కూడా ఇవ్వలేను.