గుర్రాన్ని ఉంచడానికి ఇంటి దగ్గర చోటేదీ?

సంపాదకులకు నమస్కారం.

మేం వనస్థలిపురంలో ఉంటాం. మూడేళ్ల కిందట రేసుల నుంచి తీసేసిన ఒక ఆడగుర్రాన్ని తీసుకున్నాం. అపార్ట్‌మెంట్‌లో పెట్టుకోలేం కాబట్టి మొయినాబాద్ వైపు ఒక శాలలో నెలనెలా డబ్బు కట్టి ఉంచాం, ఆదివారం ఆదివారం వెళ్లి చూసి వచ్చేవాళ్లం.

పోయిన వానాకాలం ఒక రోజు పొద్దున్నే ఫోన్. రాత్రి నుంచి గడ్డి ముట్టలేదు, లద్దె వేయలేదు, పడిపోయి పొర్లుతోంది అన్నారు. రాత్రే ఎందుకు చెప్పలేదని అడిగితే గుర్రాన్ని చూసుకునే సైసు ఊరెళ్లాడట, ఉన్న కుర్రాడికి అది కడుపునొప్పి అని తెలియలేదట. గుర్రాలు వాంతి చేసుకోలేవు, లోపల గడ్డ కట్టినా పేగు మెలిపడినా గంటల్లో ప్రాణం పోవచ్చు. ఊరికి ఈ చివర నుంచి ఆ చివరికి ట్రాఫిక్‌లో మాకు రెండు గంటలు పట్టింది, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. డాక్టరు గారు ముక్కులోంచి గొట్టం వేసి నూనె పట్టించారు, సాయంత్రానికి లద్దె వేసింది. అది చూసి మా అమ్మాయి ఏడ్చేసింది.

ఆ రోజు నుంచి మా వైపే చోటు వెతుకుతున్నాం. మలక్‌పేట రేస్‌కోర్సు మాకు దగ్గరే, కానీ అక్కడి శాలలు రేసు గుర్రాలకే. హయత్‌నగర్, తుర్కయంజాల్, ఘట్‌కేసర్ అన్నీ తిరిగాం. ఒకచోట తల తగిలేంత కిందికి రేకులు, ఎండాకాలం అందులో మనిషే నిలబడలేడు. ఇంకోచోట బరాత్ గుర్రాల్ని పొద్దస్తమానం పొట్టి తాడుతో కట్టేసి ఉంచారు, జంతుహింస నివారణ చట్టం అది నేరమని 1960 నుంచీ చెబుతూనే ఉంది. గేదెల తబేలా ఆయన ఒకాయన మంచివాడే, "ఉలవలు దండిగా పెడతాం మేడం" అన్నాడు, కానీ మూల బూజు పట్టిన గడ్డి కనిపించింది. గుర్రమంటే ఉలవలే అనుకుంటారు మనవాళ్లు. దానికి ముందు కావాల్సింది గడ్డి. 450 కిలోల గుర్రానికి రోజుకు 8, 9 కిలోల మంచి ఎండుగడ్డి, అదీ ఒకేసారి కాకుండా రోజంతా కొంచెం కొంచెంగా, 30 లీటర్లకు పైగా నీళ్లు, కాళ్లు చాపుకుని తిరగడానికి ఖాళీ జాగా. ఆరేడు వారాలకోసారి నాల్‌బంద్ వచ్చి గిట్టలు సరిచేయాలి. ధనుర్వాతం టీకా తప్పనిసరి, అది ఎప్పుడు వేయించారని అడిగితే నాలుగు చోట్ల మూడింట్లో జవాబే లేదు.

2019 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు 3.4 లక్షలే, 2012తో పోలిస్తే 45 శాతం పైగా తగ్గాయి. తక్కువున్నాయి కాబట్టి ఎవరికీ పట్టదేమో. కానీ రేసుల్లో నాలుగైదేళ్లు పరుగెత్తిన గుర్రం ఆ తర్వాత ఇంకో పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది, అన్నేళ్లూ అది ఎక్కడ ఉండాలి? కుక్కల్ని పెంచి అమ్మేవాళ్లకు 2017లో, పెట్ షాపులకు 2018లో కేంద్రం నియమాలు తెచ్చింది. డబ్బు తీసుకుని గుర్రాల్ని ఉంచుకునే శాలలకూ అలాగే రిజిస్ట్రేషన్ పెట్టాలి, పశుసంవర్థక శాఖ డాక్టరు ఏడాదికి రెండుసార్లు వచ్చి చూడాలి, రాత్రి కాపలా ఉండే మనిషికి కడుపునొప్పి గుర్తులైనా నేర్పాలి. నేల గీకుతుందా, పొట్ట వైపు తిరిగి తిరిగి చూస్తుందా, అంతే కదా, ఒక పూటలో నేర్చుకోవచ్చు.

ఔటర్ రింగ్ రోడ్డుకు ఇటువైపు, పెద్ద అంబర్‌పేట చుట్టుపక్కల, నీడా నీళ్లూ ఉన్న రెండెకరాల తోట ఎవరికైనా ఉంటే దయచేసి ఈ పేజీకే రాయండి. గడ్డి, మనిషి జీతం, షెడ్డు ఖర్చు మేం పెట్టుకుంటాం. మాలాంటి వాళ్లు ఇంకో ముగ్గురు ఉన్నారు, నలుగురం కలిసి వస్తాం.

– ఒక పాఠకురాలు, వనస్థలిపురం, హైదరాబాద్