మీ పెదనాన్న పోయాక

ఒరేయ్,

ఫోన్ చేస్తే "బానే ఉన్నాన్రా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నా.

"పెద్దమ్మ ఉంది, అన్నయ్యలున్నారు, వాళ్ల ముందు నేనెంతరా ఏడవడానికి" అన్నావు చూడు, ఆ మాట నాకు మింగుడుపడలేదు. పరీక్ష పోయిన రోజు మీ నాన్నకంటే ముందు ఆయనకే చెప్పుకున్నావు. తమ్ముడి కొడుకువైతే మాత్రం బాధ తక్కువుంటుందా? వచ్చినవాళ్లంతా పెద్దమ్మనీ అన్నయ్యల్నీ పలకరించి వెళ్తారు. నువ్వేమో కుర్చీలు సర్దుతూ, ఫోన్లు ఎత్తుతూ ఉండిపోయావు. కెన్నెత్ డోకా అనే అమెరికన్ పరిశోధకుడు 1989లోనే ఇలాంటి దుఃఖం గురించి రాశాడు. నలుగురూ గుర్తించరు, ఓదార్చరు, పైకి చెప్పుకోవడానికి చోటుండదు. చోటు లేనంత మాత్రాన దుఃఖం లేకుండా పోదు కదరా. నా దగ్గరైనా ఏడువు.

ఇక మీ బాబాయ్ సంగతి. కంట తడి లేకుండా బ్యాంకనీ ఇన్సూరెన్సనీ తిరుగుతున్నాడని మండిపడ్డావు. ఆయన మీద కోపం పెట్టుకోకు. పోయినవాళ్లను తలుచుకుని కుమిలిపోవడం, కాసేపు అది పక్కనపెట్టి పనుల్లో పడటం, ఈ రెంటి మధ్యా మనిషి అటూ ఇటూ తిరుగుతుంటాడని స్ట్రోబ్, షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పారు. నాకు అది నిజమనిపిస్తుంది. మీ పెద్దమ్మ ఇప్పుడు ఒక వైపుంది, బాబాయ్ ఇంకో వైపున్నాడు, అంతే. తన అన్నయ్య సంతకమున్న పాత కాగితాన్ని ఫైల్లో పెట్టి, మళ్లీ తీసి, వేలితో ఆ సంతకాన్ని తడిమాడని నువ్వే చెప్పావు. అదేంటి మరి?

చిన్నోడు ఆడుకుంటున్నాడని కసురుకోకండి. పిల్లలు కాసేపు ఏడుస్తారు, కాసేపు ఆడతారు, మళ్లీ వచ్చి "తాతయ్య ఎప్పుడొస్తాడు" అంటారు. ఊరెళ్లాడని మాత్రం చెప్పొద్దు, ఎదురుచూస్తాడు. చనిపోయాడనే చెప్పండి, అడిగినన్నిసార్లూ చెప్పండి.

పెద్దమ్మ దగ్గర ఆయన ఊసెత్తొద్దని అందరూ అనుకున్నారట. నువ్వు ఎత్తరా. ఆ పరీక్ష పోయిన రాత్రి ఆయన నీతో ఏమన్నాడో ఆవిడకి తెలిసుండదు. వినాలని ఉంటుంది. ఏడిస్తే ఏడవనీ, పక్కనే కూర్చో.

ఆదివారం వస్తున్నా. కుర్చీలు నేను సర్దుతాలే.

నీ
నేను