గిటార్ కొనేముందు పిల్లల వేళ్లు చూడండి

తల్లిదండ్రులకు నమస్కారం.

శనివారం గిటార్ క్లాసు మొదలైనప్పటి నుంచి నా దగ్గరికి వచ్చే ప్రశ్న ఒకటే. "మేడమ్, మామూలు గిటార్ కొనమంటారా, కరెంటుదా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఈ నెల ఉత్తరమంతా దీని గురించే రాస్తున్నాను.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్పాలి. మా అమ్మాయికి పదకొండేళ్లప్పుడు ఒక షాపులో స్టీలు తీగల అకూస్టిక్ గిటార్, అంటే కరెంటు అక్కర్లేని మామూలుది, కొన్నాం. పెద్దవాళ్ల సైజు. ఎదిగే పిల్ల కదా, పనికొస్తుందన్నారు. మూడు వారాలకల్లా అది బీరువా పక్కకు చేరింది. వేళ్లు మండుతున్నాయని పిల్ల ఏడిస్తే, మొదట్లో అందరికీ అంతే, కాయలు కాస్తే సర్దుకుంటుందని కసిరాను. ఏడాది తర్వాత గిటార్ వాయించే ఒకాయన ఇంటికొచ్చి, స్కేలు పెట్టి చూపించారు. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల్లో (ఫ్రెట్లు) పన్నెండోదాని దగ్గర తీగ 2.5 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండాల్సింది, 4 దాటి లేచి ఉంది. పెద్దవాళ్లకే నొక్కడం కష్టం. ఆ ఏడాదంతా నేను మాత్రం పిల్లకే శ్రద్ధ లేదనుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే రకం సంగతి తర్వాత. సైజు సరిపోతుందా, తీగల ఎత్తు సరిగా ఉందా, ఈ రెండూ ముందు చూడండి. చిన్న పిల్లలకు ముప్పావు సైజు గిటార్లు దొరుకుతాయి.

పాడుతూ వాయించాలనుకునే పిల్లలకైతే నా ఓటు అకూస్టిక్‌కే. శబ్దమంతా ఆ బోలు చెక్క పెట్టెలోంచే వస్తుంది కాబట్టి కరెంటు పోయినా పాట ఆగదు. లేత వేళ్లకు నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ ఇంకా మెత్తగా ఉంటుంది. దానికి స్టీలు తీగలు మాత్రం ఎప్పుడూ వేయించకండి. ఆ బిగువుకు పెట్టె మీద తీగలు కట్టే చెక్క, అదే బ్రిడ్జి, ఊడి రావచ్చు.

ఎలక్ట్రిక్ గిటార్ తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టలు ఉంటాయి. పైన స్టీలు తీగ కంపిస్తే ఆ చుట్టలో కరెంటు పుడుతుంది. సైన్సులో ఫారడే పేరుతో చెప్పుకునేది ఇదే. ఆ చిన్న కరెంటును ఆంప్ (యాంప్లిఫయర్) పెద్దది చేసి వినిపిస్తుంది. కాబట్టి ఖర్చులో ఆంప్, కేబుల్ కూడా కలుపుకోవాలి. హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలున్న ఆంప్ అయితే రాత్రిళ్లు పక్కింటివాళ్లకు ఇబ్బంది ఉండదు. తీగలు సన్నగా, మెడకు దగ్గరగా ఉంటాయి, నొక్కడం తేలిక. ముందు అకూస్టిక్ నేర్చుకుంటేనే ఎలక్ట్రిక్ వస్తుందన్న మాట నేను ఒప్పుకోను. కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాలు, పట్టే చోట్లు రెండింటిలో ఒకటే. మీవాడు రోజూ వినే పాటల్లో మోగేది ఎలక్ట్రిక్ అయితే వాడికి అదే కొనివ్వండి.

మొన్నటి మీటింగులో ఒక తాతగారు, కరెంటుతో మోగేది సంగీతమెలా అవుతుందమ్మా అని అడిగారు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు కర్ణాటక సంగీతాన్ని ప్రపంచమంతటా వినిపించింది ఎలక్ట్రిక్ మాండలిన్ మీదే. స్వరాన్ని ఊపి గమకం పలికించాలంటే అది కాసేపు నిలవాలి కదా తాతగారూ, మామూలు మాండలిన్‌లో అది తొందరగా ఆగిపోతుంది.

మన కావలికి తుమ్మలపెంట సముద్రం ఎంతో దూరం లేదు. ఉప్పుగాలికి, చేతి చెమటకు స్టీలు తీగలు తొందరగా తుప్పు పడతాయి. వాయించాక పొడి నూలుగుడ్డతో తుడిపించండి. రోహిణి కార్తెలో రేకుల గదిలోనో కారులోనో వదిలేస్తే జిగురు మెత్తబడుతుంది. తుపాన్ల రోజుల్లో అకూస్టిక్ పైచెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, దాంతో తీగలు ఇంకా పైకి లేస్తాయి. నిరుడు తేలిగ్గా పలికిన గిటార్ ఈ వానల్లో వేళ్లు కోస్తోందని పిల్లలంటే నమ్మండి, మళ్లీ కొలిపించండి.

వచ్చే శనివారం ఉదయం క్లాసులో రెండు రకాలూ ఉంచుతున్నాం. కొనాలనుకునేవాళ్లు పిల్లల్ని తీసుకురండి, రెండూ ఒళ్లో పెట్టుకుని చూస్తారు. ఇప్పటికే కొన్నవాళ్లు మీ గిటార్ తెండి, మ్యూజిక్ సార్ తీగల ఎత్తు కొలిచి చెబుతారు. బీరువా పక్కనున్న మా అమ్మాయి గిటార్ కూడా తెస్తున్నాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
కావలి, నెల్లూరు జిల్లా